మా తమ్ముడి మీద పట్టుపురుగుల కేసు

మా నాన్న బంగారు గనుల్లో భూమి లోపల పనిచేసినవాడు. గనులు మూతబడ్డాక రాయల్పాడు పక్కనున్న మా పల్లెకు తిరిగొచ్చి టమాట పెట్టుకున్నాడు. వస్తూ వస్తూ రెండు తెచ్చుకున్నాడు. ఒకటి దగ్గు, రెండోది ఒక పాత ఇంగ్లీషు కోర్టు సీరియల్ మీద పిచ్చి. ఒకప్పుడు గని కాలనీలో ఎవరింట్లోనో టీవీలో చూసేవాడట. ఇప్పుడది ఫోన్లో దొరుకుతోంది. మధ్యాహ్నం సంగటి తిన్నాక ఫోను చెంబుకు ఆనించి పెట్టి, మాటలన్నీ నాకు తెలుగులో చెబుతూ చూస్తాడు.

ప్రతి కథా ఒకటే తీరు. చేయని నేరం నెత్తిన పడ్డవాడొకడు వకీలు దగ్గరికి పరిగెత్తుకొస్తాడు. ఆఖర్న వకీలు బోనులో ఉన్నవాణ్ణి వదిలేసి వెనక బెంచీల వైపు తిరుగుతాడు. అసలు చేసినవాళ్ళు అక్కడే చేతులు కట్టుకుని కూర్చుని ఉంటారు. సరిగ్గా అక్కడ నాన్న బొమ్మ ఆపేసి, "ఎవరు చేసింటారు, చెప్పు" అంటాడు. పదిసార్లకు తొమ్మిదిసార్లు నేను చెప్పిందే నిజమయ్యేది. నాకు ఆ విషయంలో కాస్త పొగరు కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

మా తమ్ముడు నోట్లో నాలుక లేనివాడు. గవర్నమెంటు బస్సు డ్రైవరు ఉద్యోగానికి వాడి పేరు లిస్టులో వచ్చింది. వయసు దాటిపోతోంది కాబట్టి అదే ఆఖరి అవకాశం. పోలీసు రిపోర్టు ఒక్కటి బాగా వస్తే చాలు. ఆ రిపోర్టు కోసం ఎదురుచూస్తుండగానే పక్క చేను పెద్దమ్మ పట్టుపురుగులు చచ్చిపోయాయి.

పెద్దమ్మ మాకు చుట్టమేమీ కాదు, వరసకు పిలుపు. మొగుడు పోయినప్పటి నుంచీ ఒంటరిగా పురుగులు మేపి బతుకుతోంది. ఆ పంట నాలుగో జ్వరం, అంటే ఆఖరి కుబుసం, దాటి వారంలో గూళ్ళు కట్టాల్సింది. పొద్దున మేత వేస్తే మధ్యాహ్నానికల్లా తలలు విదిలించి పచ్చనీళ్ళు కక్కి తట్టలకు తట్టలే పడిపోయాయి. చూడటానికొచ్చిన రేష్మె ఆఫీసరు, అంటే పట్టుశాఖాయన, ఆకులో పురుగుమందు ఉందన్నాడు. ఆ రోజు తెల్లవారుజామునే మా తమ్ముడు టమాటకు మందు కొట్టాడు. అంతకు నెల ముందు గట్టు జరిపినాడని పెద్దమ్మ వాడితో పోట్లాడింది. ఇంకేం కావాలి? పగబట్టి నా మల్బరీ మీదికి మందు కొట్టినాడని ఆమె స్టేషన్లో రాసిచ్చింది. కేసయింది. నిప్పు లేనిదే పొగ వస్తుందా అని ఊరంతా అన్నది.

"నేను కొట్టలేదక్కా. గాలి కూడా మన పక్కకే ఉండింది" అన్నాడు వాడు. ఆ తర్వాత వాడు అన్నం కూడా సరిగా తినేవాడు కాదు. మేం పెట్టుకున్న వకీలు సూటిగానే చెప్పాడు. కేసు ఏళ్ళు సాగుతుంది, ఈలోగా రిపోర్టులో కేసుందని పోతుంది, పేరు కొట్టేస్తారు.

నేను ఊరుకుంటానా? వకీలు కంటే నేనే పెద్ద వకీలునయ్యాను. ఆకు చాలనప్పుడు పెద్దమ్మకు అమ్మేవాణ్ణి అనుమానించాను, ఆమెతో పడని తోడికోడల్ని అనుమానించాను, ఆఖరికి ఆ రేష్మె ఆఫీసర్ని కూడా వదల్లేదు. వాయిదాకు రెండు రోజుల ముందు మధ్యాహ్నం నాన్న మళ్ళీ సీరియల్ పెట్టాడు. నాకు చూడాలని లేదు, ఆయన పక్కన కూర్చున్నానంతే. అందులో వకీలు ఒక సాక్షిని, ఎవరి మీద ఎవరికి పగ అని అడగడం లేదు. ఆ రోజు పొద్దున లేచినప్పటి నుంచి నీ చేతులు దేన్ని తాకాయో వరసగా చెప్పమంటున్నాడు.

నేనూ నా మనసులో వరసగా చెప్పుకున్నాను. ఆ పొద్దున నేను పెద్దమ్మ దగ్గరికి ముయ్యికి పోయాను. ఈరోజు నేను నీ చేలో, రేపు నువ్వు నా చేలో, దాన్నే మేం ముయ్యి అంటాం. ఆకు కోశాను. కోసిన ఆకు వాడిపోకుండా తడి గోనెలు కప్పాలి. కరెంటు రాలేదు, పెద్దమ్మ తొట్టి ఎండిపోయి ఉంది. గట్టు దాటి మా డ్రమ్ములో గోనెలు ముంచి తెచ్చాను. అది తమ్ముడు మందు కలిపే డ్రమ్ము. అడుగున మిగిలిన నీళ్ళు తేటగానే కనిపించాయి. వాసన తెలియలేదా అంటే, టమాట పెట్టేవాళ్ళ ముక్కులకు ఆ వాసన తెలియదు. మా బట్టలకూ మా జుట్టుకూ రోజూ ఉండేదే కదా.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు చేతులు చీరకు తుడుచుకుంటున్నాను. నాన్న అది చూసి బొమ్మ ఆపాడు. "ఏమైంది?" అన్నాడు. అంతా చెప్పేశాను.

చెప్పిన వెంటనే నాకు పుట్టిన ఆలోచన ఏమిటో చెబితే సిగ్గు. దీన్ని కడుపులోనే పెట్టుకుంటే? తమ్ముడు నిజంగానే చేయలేదు కదా, ఏదో ఒక రోజు కోర్టే వదిలేస్తుంది కదా? ఆ మాటే నాన్నతో అన్నాను.

నాన్న చాలాసేపు దగ్గాడు. "గని లోపల రాతికి బొక్కలేసి మందు కూరి పేలుస్తాం. ఒక్కోసారి ఒకటి పేలకుండా నిలిచిపోతాది. దాన్ని మిస్‌ఫైర్ అంటారు. పెట్టినోడు పైకొచ్చేటప్పుడు, ఫలానా చోట నాది పేలలేదు అని చెప్పల్ల. చెబితే తిట్లు పడతాయి, షిఫ్టు పోతాది. చెప్పకపోతే వెనకొచ్చేవాడు తెలీక డ్రిల్లు పెడతాడు. ఇంగ నీ ఇష్టమమ్మా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. తిట్టలేదు.

వాయిదా రోజు పొద్దున తాలూకా కోర్టు వసారాలో పెద్దమ్మ ఒక్కతే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. లోపల ఒక్కో కేసూ పిలుస్తున్నారు. మాది ఎప్పుడు పిలుస్తారో తెలియదు. తమ్ముడు దూరంగా వకీలు పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. నా నోరు ఊళ్ళో పేరుమోసిన నోరు, ఆ రోజు మాత్రం పోయి ఆమె పక్కన కూర్చున్నానంతే.

"ఏమే, తమ్ముని కోసం బతిమాలేకి వస్తివా?" అంది పెద్దమ్మ.

"లేదు పెద్దమ్మా. ఆకు మింద కప్పిన గోనెలు తడిపింది నేనే కదా. మీ తొట్లో నీళ్ళు లేకుండా ఉంటే మా డ్రమ్ములో ముంచినాను."

"ఏ డ్రమ్ములో?"

"మందు కలిపేది."

ఆమె నా మొహం చూడలేదు, నా చేతులు చూసింది. తర్వాత తన చేతులు తిప్పి చూసుకుంది. "ఆ ఆకు తట్టల్లో పరిచింది నేను. బిడ్డలకు పెట్టినట్టు పెట్టినా కదే. నా చేత్తోనే చంపుకుంటినా" అంది. గొంతు పైకి లేవలేదు. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. లోపల మా కేసు పిలిచారు.

ఆమె లేచి చీర దులుపుకుని, వకీళ్ళిద్దరినీ పిలిచి, తప్పు ఆ పిల్లోనిది కాదు, రాజీ అవుతానని చెప్పింది. నా పేరు ఎత్తలేదు. నేనే వకీలుతో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. కాగితాల మీద సంతకాలయ్యాయి. రిపోర్టు బాగా వచ్చింది, తమ్ముడికి ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు వాడు కోలారు బస్సు నడుపుతున్నాడు. కేసు పోయినందుకు నాకు కలిగిన సంతోషం నిజమైనదే, అందులో అబద్ధం లేదు.

మొన్న పెద్దమ్మ పురుగులు పండాయి. పండిన పురుగుల్ని ఏరి, అవి గూళ్ళు కట్టుకునే వెదురు చంద్రికల మీద వేయడానికి ఒకటే రోజు గడువు, ఎంతమంది ఉన్నా చాలరు. వీధిలో ఇంటింటికీ పోయి పిలిచింది. మా గుమ్మం ముందు కూడా నిలబడింది. నేను చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, కొంగు బిగించుకుని బయటికొచ్చాను.

"నీ తమ్మునికి ఈపొద్దు లీవేనంట కదా. వాణ్ణి పంపించు" అంది.