బోర్డు ముందు చెప్పవలసిన మాటలు

సైకాలజీ ఆనర్స్‌లో చేరానని తెలిసినప్పటి నుంచి మా బెల్లంపల్లి కాలనీలో నన్ను మామూలు మనిషిగా చూడటం మానేశారు. ఎదురుపడితే చాలు, "నా మనసుల ఏమున్నదో చెప్పు సూద్దాం" అనేవాళ్ళు. చిలక జోస్యం చెప్పడానికి కరీంనగర్ దాకా పోయి హాస్టల్ కూడు తినాలా? మొదట్లో ఓపికగా నవ్వేదాన్ని. తర్వాత కోపం రావడం మొదలైంది. ముక్కు మీది కోపం నాకు మా అమ్మ ఇచ్చిన ఆస్తి. మా దగ్గర అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం.

నేను మూడో ఏడు చదువుతుండగా బాపు పనిచేసే బాయిలో పైకప్పు కూలింది. బొగ్గు గనిని మా దగ్గర బాయి అనే అంటారు. బాపు భుజానికి దెబ్బ తగిలి మానింది. ఆయనతో ఏళ్ళ తరబడి జోడీగా పనిచేసినాయన మాత్రం ప్రాణాలతో బయటికి రాలేదు. దినాలు అయ్యేదాకా ఉండి, పరీక్షల కోసం వెళ్ళిపోయాను. బాపు మళ్ళీ డ్యూటీకి పోతున్నాడని అవ్వ ఫోన్లో చెబితే కోలుకున్నాడనుకున్నాను. ఆ తర్వాత నాగాలు పెరిగాయని చెప్పింది.

ఎండాకాలం ఒక ఆదివారం ఇంటికి వచ్చేసరికి అవ్వ నాకోసం ఒక పని సిద్ధంగా ఉంచింది. బొగ్గు కంపెనీలో ఒక పద్ధతి ఉంది. జబ్బు వల్ల ఇక డ్యూటీ చేయలేడని మెడికల్ బోర్డు తేలిస్తే ఆ కార్మికుడి కొడుక్కు ఉద్యోగం వస్తుంది. దాన్ని కాలనీలో 'అన్‌ఫిట్ అయిండు' అంటారు, సంబంధం కుదిరినంత సంబరంగా అంటారు. మా అన్న డిగ్రీ చేసి ఖాళీగా ఉన్నాడు.

"నువ్వు సదివేది మెంటల్ సదువే గదనే. బోర్డు ముందట ఏం జెప్పాలెనో, ఎట్ల జెయ్యాలెనో బాపుకు జర నేర్పియ్యి," అంది అవ్వ.

నాకు ఒళ్ళు మండింది. "అది యాక్టింగ్ నేర్పే సదువు గాదవ్వా!" అని అరిచాను.

గోడకు ఆనుకుని కూర్చున్న బాపు కోపగించుకోలేదు, నవ్వలేదు. "నేర్పు బిడ్డా, ఏమైతది?" అన్నాడు. ఆ గొంతు బతిమాలుతున్నట్టుగా ఉంది. నా కోపం సగం దిగిపోయింది.

ఒకసారి వినిపిస్తే వీళ్ళకే విసుగొస్తుందిలే అని బ్యాగులోంచి పాఠ్యపుస్తకం తీశాను. పెద్ద ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్ళ మనసు ఎలా ఉంటుందో చెప్పే అధ్యాయం అది. ఒక్కో లక్షణం తెలుగులో చెప్పసాగాను.

"నిద్రల ఉలిక్కిపడి లేస్తరు."

"లేస్త," అన్నాడు బాపు.

"ఊకె లేస్త అంటె నమ్మరు. వివరంగ జెప్పాలె," అన్నాను టీచరమ్మలాగా.

"లేసి కర్రతోని స్లాబు తట్టి సూస్త. గట్టి సప్పుడొస్తెనే మల్ల ఒరుగుత."

బాయిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును అలా తట్టి చూస్తారు. శబ్దం డొల్లగా వస్తే కూలుతుందని లెక్క. కానీ మాది సిమెంటు క్వార్టరు.

ప్రమాదం జరిగిన చోటికి పోలేకపోవడం గురించి చెప్పాను. "గేటు కాడ కాళ్ళు ఆడయి. కడుపునొప్పని జెప్పి మల్లొస్త," అన్నాడు. తాను బతికినందుకు తప్పు చేసినట్టు కుమిలిపోవడం గురించి చెప్పాను. "నా జోడీ ఆయన భార్య ఎదురొస్తె నేను సందు మారుత," అన్నాడు.

ఇందులో నటన ఎక్కడా లేదు.

"బిడ్డా, గివన్ని నీ బుక్కుల ఎట్లున్నయి? నా సంగతి నీకెవలు జెప్పిండ్రు?"

"ఎవలు జెప్పలే బాపు. ఇట్ల శానమందికి అయితది. అందుకే రాసిండ్రు."

"శానమందికా?"

"శానమందికి. ధైర్యమున్నోళ్ళకు గూడ."

ఆయన తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. బాయిలో దిగేవాడు భయం పేరెత్తకూడదు, ఎత్తితే పక్కవాడికి అంటుకుంటుందని మా దగ్గర నమ్మకం. అందుకే ఎవరితోనూ అనలేక, లోకంలో తానొక్కడే పిరికివాడినైపోయానని ఇన్ని నెలలు కుమిలాడు. నా తండ్రి ఏడవడం అంతకుముందు నేను చూడలేదు. చదివిన పాఠం ఒక్కటీ అక్కరకు రాలేదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను, నేనూ ఏడ్చాను.

"మల్లొకసారి సదువు," అన్నాడు. చదివాను. ఈసారి జవాబులు చెప్పలేదు, ఒక్కోదానికి తలూపాడు.

"రేపు దవాఖానకు పోదాం. బోర్డు కాడికి గాదు, డాక్టర్ కాడికి. నిమ్మళమైతె మల్ల బాయిల దిగుత," అన్నాడు.

అంటే అన్న ఉద్యోగం ఆశ వదులుకోవాల్సిందే. అవ్వ ఏమంటుందోనని భయపడుతూ వంటింట్లోకి పోయాను. చారు పొంగి పొయ్యి గట్టు మీద పారుతున్నా ఆమె చూడటం లేదు.

"మరి అన్న నౌకరి ఎట్లవ్వా?" అన్నాను.

"వాని నౌకరికి వాడు తిరుగుతడు," అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "దవాఖానంటె ఇననే ఇనడు. కొడుకు నౌకరంటెనన్న నోరు తెరుస్తడనుకున్న. ఇన్నొద్దులు యాక్టింగు జేసింది నేను బిడ్డా. ఆయన లేసి స్లాబు తట్టినప్పుడల్ల నాకు మెలకువనే ఉండె. సూసిన్నంటె సిగ్గువడ్తడని, నిద్రవోయినట్టు పండుకున్న."