షిఫ్ట్ అంటే మీ తాతకు ఒకటే అర్థం

ఏమ్మా, మొన్న ఫోన్లో అడిగినావు కదా, ‘అవ్వా, షిఫ్ట్ అనే మాటకు ఒక వాక్యం చెప్పు, స్కూల్లో రాయాల’ అని. నీ తమ్ముడు పక్కనుంచి ‘షిఫ్ట్ అంటే జరిపేది, అవ్వకేం తెలుసులే’ అని నగినాడు. తెలుసు నాయనా. ఈ ఎండాకాలమే తెలిసింది, ఆస్పత్రిలో.

మన ఊరిగాం గనిలో పనిచేసేటోళ్ల ఇండ్ల లైన్లల్లో షిఫ్ట్ అంటే పని. ఫస్ట్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్. సంగు, అదే గని సైరను, కూస్తే మొగోళ్లు గనిలోకి దిగాల. వంట, నీళ్లు, బిడ్డల నిద్ర, అన్నీ దాని మిందనే నడిచేవి. గని మూసేసి ఇంత కాలమైనా మీ తాత చెవుల్లో ఆ మాటకు ఇంకో అర్థం దూరలేదు.

ఆయనకు ఆయాసం ఎక్కువైందని ఆస్పత్రిలో చేర్చినాము. అదృష్టానికి కిటికీ పక్క మంచం దొరికింది. గనిదుమ్ము తిన్న రొమ్ము కదా, గాలి తగిలితే స్వల్ప ఊపిరి ఆడేది. మరునాడు మధ్యాన్నం నర్సమ్మ వచ్చి, ఆయన మొగం కూడా చూడకుండా, వార్డులో పనిచేసే ఆయనతో ‘ఈ పేషెంటును షిఫ్ట్ చేయండి’ అనింది.

మీ తాత కండ్లు తెరిచినాడు. కాళ్లు కిందికి దించి మంచం కింద తడుముతా ఉండాడు.

‘ఏం కావాల?’ అన్నాను.

‘బూట్లు యాడ పెట్టినావే? షిఫ్ట్ అంటా ఉండారు, టైమైపోతాది.’

వాళ్లిద్దరూ నగినారు. ‘తాతా, నువ్వు పోయేది కాదు, మేమే నిన్ను తోసుకొని పోతాము’ అన్నాడు ఆ వార్డాయన. యాడికని అడిగితే, వరండా కొసకంట, బాత్రూము పక్కకు. ఎవరో తెలిసినోళ్ల పేషెంటు వస్తా ఉండాడు, కిటికీ ఆయనకు కావాలంట.

నాకు ఒళ్లు మండింది. మీ తాత షిఫ్ట్‌కు తన కాళ్లతో తానే పోయినాడు, ఇన్నేండ్లు. వీళ్ల షిఫ్ట్‌లో చేసేది వీళ్లు, ఆయన బీరువా మాదిరి. బీరువానైతే ఎవరూ అడగరు కదా, యాడికి జరపాలని.

‘సిస్టరమ్మా, ఎవరిని అడిగి షిఫ్ట్ చేస్తా ఉండారు?’

‘స్వల్ప అడ్జస్ట్ చేసుకో అజ్జీ. మంచమే కదా.’

‘మంచం మీ ఆస్పత్రిదేనమ్మా, ఎత్తుకొని పోండి. ఊపిరి ఆయనది. అది ఈ కిటికీ కాడ ఉండాది.’

నేను గొంతు లేపలేదు, నాకు చాతకాదు. పోయి మంచం మింద ఆయన పక్కనే కూర్చున్నాను, కిటికీ ఊచ పట్టుకొని. తోస్తే ఇద్దరినీ తోయాల. ఎదురు మంచం కాడ ఉండే బేతమంగళం ఊరామె, ‘ఆ వచ్చేటోడికి కాళ్లు లేవా? వరండాకు ఆయన్నే పొమ్మను’ అనింది. ఆమె బిగ్గరగానే అనింది.

డాక్టరు వచ్చేదాకా నేను లెయ్యలేదు. ఆయన తాత రొమ్ము మింద గొట్టం పెట్టి విని, ‘ఈయనకు గాలి కావాల, ఇక్కడే ఉండనీ’ అని పక్క మంచానికి పోయినాడు. నర్సమ్మ ‘సారీ’ అనలేదు. అదీ ఇంగ్లీషు మాటే కదా, రాదేమో.

మీ తాత ఇంటికి వచ్చినాడు, బాగుండాడు. నా కోపమే ఇంకా దిగలేదు. ఇంగ రాసుకో అమ్మా, మీ టీచరు ఏమన్నా అననీ: వాళ్లు మా తాతను షిఫ్ట్ చేయాలని చూసినారు, మా అవ్వ చేయనీలేదు.