నలుగురికి ఐదు సిమ్‌లు

ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునే ఉద్యోగం నాది. గుండుగొలను నుంచి కొల్లేరు లంకల దాకా నేను ఎక్కని అరుగు లేదు. ట్యాబ్‌లో ప్రశ్నలు వరసగా వస్తాయి: ఇల్లు సొంతమా, పెంకుటిల్లా స్లాబా, మరుగుదొడ్డి ఉందా, ఫోన్లెన్ని. మరుగుదొడ్డి మాట దగ్గర నసిగేవాళ్లు కూడా ఫోన్ల దగ్గరికొచ్చేసరికి గొంతు పెంచుతారు. మూడంటారు, ఐదంటారు. పై ఆఫీసులో ఇవన్నీ కూడి, మనుషుల కంటే కనెక్షన్లు ఎక్కువయ్యాయని సంబరపడతారు. ఆ గడి నింపేటప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. నా మీద నాకే.

మా ఊళ్లోకి సెల్‌ఫోన్లు చేపల చెరువుల వాళ్లతో వచ్చాయి. మా నాన్న కొల్లేరు వైపు ఒక రైతు దగ్గర చెరువు కాపలా ఉండేవారు. నెలలో ఎక్కువ రోజులు గట్టు మీద పాకలోనే. నీళ్లలో గాలి తగ్గి చేప పైకి తేలితే వెంటనే కబురు చెయ్యాలని రైతు ఆయనకో బటన్ల ఫోన్ కొనిచ్చాడు. తర్వాత కొన్నాళ్లకి ఇంట్లోకీ ఒకటి వచ్చింది. అది అమ్మ ఫోనని పేరేగాని గూట్లో బైబిలు పక్కన ఉండేది, ఎవరూ ముట్టుకునేవాళ్లం కాదు.

మాట్లాడితే డబ్బులయ్యే రోజులవి. అందుకని నాన్న ఒక పద్ధతి పెట్టారు. ఒక రింగిచ్చి కట్ చేస్తే చెరువు దగ్గరికి చేరినట్టు. రెండు రింగులైతే అన్నం క్యారేజీ పంపమని. మూడైతే సాయంత్రానికి ఇంటికొస్తున్నట్టు. ఎత్తడం మాత్రం కూడదు. పొరపాటున ఎత్తితే ఇంటికొచ్చాక ఆయన మొహం చూడలేకపోయేవాళ్లం. మా వీధిలో కాపలావాళ్ల ఇళ్లన్నిటిలోనూ ఇదే వరస. ఫోన్ మోగగానే ఆడవాళ్లు చేతిలో పని ఆపి లోపల్లోపల లెక్కపెట్టుకునేవారు. ఆపదకని మాత్రం ఏ ఇంట్లోనూ రింగుల లెక్క పెట్టుకోలేదు. ఎవరికీ తట్టలేదు.

తర్వాత సెంటర్లో గొడుగుల కింద బల్లలు వేసుకుని సిమ్‌లు ఊరికే ఇచ్చే కాలం వచ్చింది. వేలిముద్ర వేస్తే చాలు. జనం చొక్కాలు మార్చినట్టు నంబర్లు మార్చారు. మా ఇంట్లో నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను. నలుగురికి ఐదు సిమ్‌లు. నాయనమ్మ తన సిమ్ కవరు విప్పనేలేదు, బైబిల్లో కీర్తనల దగ్గర గుర్తుకి పెట్టుకుంది. రెండు నావి. ఎంతసేపు మాట్లాడినా ఖర్చు ఒకటేనని నాన్నకి చెప్పి చెప్పి విసిగిపోయాను.

“ఇవాళ ఊరికే అంటారు, రేపు ముక్కు పిండి వసూలు చేస్తారు. మీరు రింగులే లెక్కపెట్టండి,” అనేవారు.

అప్పుడు నేను తాడేపల్లిగూడెంలో డిగ్రీ రెండో సంవత్సరం. ఆ రోజు కాలేజీ లేదు. పొద్దున పదిన్నరప్పుడు గడప మీద కూర్చుని నా ఫోన్లో స్నేహితురాలితో మాట్లాడుతున్నాను. రికార్డు ఎవరు రాశారు, లెక్చరరు ఎవర్ని తిట్టాడు, అంతకంటే గొప్ప సంగతులేమీ కాదు. గూట్లో అమ్మ ఫోన్ మోగింది. మెడ తిప్పి చూశాను. దానికి చేసేది నాన్న ఒక్కరే. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. మూడు దాటింది. ఐదు దాటింది. దానంతటది ఆగేదాకా మోగింది. మా ఇంట్లో ఆ ఫోన్ అంతసేపు మోగడం అదే మొదటిసారి. జేబులో నొక్కుకుపోయి ఉంటుందిలే అనుకున్నాను. నా కబుర్లకి అడ్డం వచ్చినందుకు విసుగు కూడా వచ్చింది.

పెరట్లో అంట్లు తోముతున్న అమ్మ అడిగింది. “ఎన్ని రింగులే?”

“రెండు,” అన్నాను.

రెండని ఎందుకన్నానో నాకు తెలుసు. రెండంటే అమ్మ ఇంకేమీ అడక్కుండా వంటింట్లోకి వెళ్లిపోతుంది. వెళ్లిపోయింది. బియ్యం కడిగి ఎసట్లో పోసింది, వంకాయ ఎండురొయ్యల కూర వండింది, క్యారేజీ కట్టి మేత బస్తాలు తీసుకెళ్లే ఆటో అతని చేతికిచ్చింది. ఆ లోపల నేను స్నానం చేసి తల ఆరబెట్టుకున్నాను.

నాన్నని చూసింది ఆ ఆటో అతనే. పాక దగ్గర కాదు, గట్టు చివర రోడ్డు మలుపులో పడి ఉన్నారట. మోకాలి కింద తువ్వాలు బిగించి కట్టుకుని ఉన్నారు. రక్తపింజర కాటు. బస్తాలు దింపేసి ఆటోలోనే ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరు చూసి, “ఒక గంట ముందు తేవాల్సిందండీ,” అన్నాడు. ఆ మాట అమ్మ చెవిన పడింది. నా చెవినా పడింది.

ఆయన ఫోన్ నాకే ఇచ్చారు. పాము కరిచాక ముందు రైతుకి చేశారు. రైతు నంబరు మార్చి నెలైంది, కొత్తది నాన్న ఫోన్లో లేదు. తర్వాత ఇంటికి. ఆ తర్వాత ఇంకెవరికీ లేదు. అన్ని సిమ్‌లున్న ఊళ్లో ఆయన దగ్గరున్నవి ఆ రెండు నంబర్లే. ఎన్ని రింగులు మోగిందో ఫోన్లో పడదు. అది నాకొక్కదానికే తెలుసు.

అమ్మ మాత్రం తన కథ తను అల్లుకుంది. ఆయన ఆకలేసి అన్నం అడిగారు. తను వంట ఆలస్యం చేసింది. క్యారేజీ కోసం చూసి చూసి ఆయన గట్టు చివరిదాకా నడిచొచ్చారు, అక్కడ కరిచింది. పొద్దున్నే వండి ఉంటే బతికేవారు. ఏటా మా ఇంట్లో జరిగే నాన్న జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు అడగ్గానే లేచి నిలబడి ఇదే సాక్ష్యం చెబుతుంది. “కడుపుకి అడిగారండీ. నేను పెట్టలేకపోయాను. దేవుడు నన్ను క్షమించాలండీ.” చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు కళ్లు ఒత్తుకుంటారు. నేను తల వంచుకుని పాటల పుస్తకం పేజీలు తిప్పుతాను. పిరికిదాన్ని. ఇంకో మాట లేదు.

ఆ కూడికకి అమ్మ ప్రతి ఏడూ అదే కూర వండుతుంది. ఏటేటా ఇంకాస్త ముందు లేస్తుంది. మొదట్లో ఆరింటికి మొదలుపెట్టేది. ఈ ఏడు నేను లేచేసరికే బుట్టెడు వంకాయలు తరిగి ఉప్పునీళ్లలో వేసేసింది. వేళ్లు నల్లబడిపోయాయి. మోకాళ్ల నొప్పులతో పీట మీద నుంచి లేవలేక గోడ పట్టుకుంటోంది.

“కాసేపాగి చేద్దామమ్మా,” అన్నాను.

“ఆగితే ఏమైందో చూశాంగా,” అంది.

ఇక నా వల్ల కాలేదు. పక్కన కూర్చుని చెప్పేశాను. రెండు కాదమ్మా, చివరిదాకా మోగింది. నేను ఫోన్లో మాట్లాడుతూ ఎత్తలేదు. నువ్వడిగితే నోటికొచ్చింది చెప్పాను. ఆయన అన్నం అడగలేదు.

అమ్మ నన్ను కొట్టలేదు, ఏడవలేదు. స్టవ్ కట్టేసి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

“ఎత్తలేదంటే చిన్నదానివి. ఎత్తొద్దని ఆయనే నేర్పారు,” అంది. “ఇన్నేళ్లూ నా చేత ఈ కూర ఎందుకు వండించావే?”

 

తరిగిన వంకాయలు అమ్మ అలాగే తీసుకెళ్లి పెరట్లో పారబోసింది. పదకొండింటికి సంఘం వాళ్లు వచ్చారు. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. పాస్టరుగారు ఎప్పటిలాగే అమ్మ వైపు తిరిగి, “అమ్మగారూ, రెండు మాటలు చెప్పండి,” అన్నారు.

అమ్మ లేవలేదు.

“ఈ ఏడు మా అమ్మాయి చెబుతుందండీ,” అంది.

అందరూ నా వైపు చూశారు. లేచి నిలబడ్డాను.