కొమ్మను గుంజి చూసినట్టు మోకాలిని

ఏడో తరగతిలో బడికి నమస్కారం పెట్టేసి చింతచెట్టెక్కాను. చిలమత్తూరు చుట్టుపక్కల తోపుల్లోనే నా మిగతా చదువంతా సాగింది. చింతకాయలు దులపడం చూసేవాళ్లకు చేతుల పనిలా కనిపిస్తుంది. నిజానికి అది మోకాళ్ల పని. పొడవాటి గడను ఆడించడానికి రెండు చేతులూ కావాలి కాబట్టి, మనిషిని చెట్టు మీద నిలిపేది కాళ్లే. కొమ్మకు అటొక కాలు, ఇటొక కాలు వేసి బిగించి కూర్చోవాలి. గుర్రమెక్కిన దొరలాగే ఉంటుంది, గుర్రం కదలకూడదు, అంతే తేడా.

బరువు వేసేముందు కొమ్మను గుంజి చూడటం మా అలవాటు. మంచి కొమ్మ కొంచెం వంగి, ఇంక చాలన్నట్టు గట్టిగా ఆగుతుంది. లోపల పుచ్చిన కొమ్మకు ఆగడం తెలియదు, వంగుతూనే పోతుంది. ఆ రోజు కొమ్మ పాసైంది. నా కాలే ఫెయిలైంది.

కాయ దులపడం మొదలుపెట్టిన వారమే అది. దిగుతుంటే కుడిపాదం రెండు కొమ్మల పంగలో ఇరుక్కుంది, ఒళ్లు మాత్రం పక్కకు ఒరిగిపోయింది. మోకాలి లోపలివైపు 'టప్' మంది. కింద కాయలు ఏరుతున్న ఆడవాళ్లలో నా పెళ్లాం కూడా ఉంది. అందరూ కలిసి నన్ను దించారు. మా గుంపులో అందరికంటే పెద్ద, నా పెళ్లానికి మేనమామ, వచ్చి నా కాలు పట్టుకున్నాడు.

"కీలు తప్పింది అల్లుడూ. ఒక్క గుంజు గుంజితే సరిపోతాది. పోయినేడు మా ఎద్దుకు ఇట్లే చేసినా."

"ఆ ఎద్దు ఇప్పుడు యాడుండాది మామా?"

"అమ్మేసినాం" అన్నాడు, గుంజుతూనే.

ఆ తర్వాత మినపపిండి, గుడ్డు తెల్లసొన కలిపి కట్టు కట్టారు. మా దగ్గర కాలికి ఏమైనా ఎముక విరిగిందనో, కీలు తప్పిందనో అనుకుంటారు. మూడోది ఒకటుంటుందని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. కట్టు ఎండి రాయైంది. దాని కింద వాపు పెరిగింది. ఆ గుడ్డు వాసనతో వీధికుక్కకు మాత్రం నామీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది.

చివరికి నా పెళ్లాం ఆటో పిలిచి హిందూపురంలో ఎముకల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. కట్టు కోసి తీసి ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మ ఎముకలు బాగున్నాయంది. నా పాదాన్ని చంకలో పెట్టుకుని, ఒక చేత్తో మోకాలిని పట్టి, కాలిని మెల్లగా బయటికి నెట్టింది.

"బాగుంటే మళ్లీ ఈ గుంజుడేంది మేడమ్? మా మామ చేసినాడు కదా."

"ఎముకలు ఫొటోలో కనిపిస్తాయి. వాటిని కట్టిపెట్టినవి కనిపించవు. చేతికే తెలియాలి" అంది.

బల్ల మీద ప్లాస్టిక్ మోకాలు ఉంది. పైన తొడ ఎముక చివర రెండు గుండ్లలా ఉంటుంది, కింద కాలి ఎముక పళ్లెంలా. నడుమ నెలవంకల్లాంటి రెండు మెత్తలు. పళ్లెంలో గుండ్లు పెడితే ఏమవుతుంది? జారిపోతాయి. పోకుండా పట్టుకునేవి లిగమెంట్లట: పక్కలకు రెండు పట్టీలు, లోపల కత్తెరలా ఒకదాన్నొకటి దాటుకుపోయేవి రెండు. నాకు లోపలివైపు పట్టీ సగం తెగింది.

"కత్తెరవి తెగుంటే కష్టమయ్యేది. దీనికి రక్తం బాగా అందుతుంది, తనంతటదే అతుక్కుంటుంది. అతుక్కునేదాకా కాలు పక్కకు ఒరగకూడదు."

"చెట్టెక్కొచ్చా?"

"ఉగాది పోనీ. అప్పుడు చూద్దాం."

ఉగాది పోయేసరికి చెట్ల మీద ఏముంటుంది, ఆకులు తప్ప? మా పనిలో ఒక ఏడు కింద నిలబడినవాణ్ని మరుసటేడు ఎవరూ పైకి పిలవరు. మళ్లీ చెట్టెక్కుతానా లేదా అన్నదే నాకు మిగిలిన ప్రశ్న. ఎక్కుతాననే అనుకున్నాను, నా తీరే అంత. రోజూ మోకాలికి బెల్టు వేసుకుని, మంచం మీద కాలు చాపి, తొడ బిగించి ఎత్తి దించేవాణ్ని.

ఉగాదికి ముందే వాపు పోయింది. నొప్పీ పోయింది. నేరుగా నడిస్తే నాకంటే బాగా నడిచేవాడు మండలంలో లేడు. బెల్టు విప్పేసి తోపుకు పోయి మాను మీద చెయ్యి వేశాను.

"దిగు" అంది నా పెళ్లాం.

"ఇంకా ఎక్కనేలేదే."

"కొమ్మనైతే గుంజి చూస్తావు. కాలికి పరీక్ష లేదా?"

నన్ను కూర్చోబెట్టి, డాక్టరమ్మ చేసినట్టే పాదం చంకలో పెట్టుకుని మెల్లగా నెట్టింది. మోకాలు లోపలివైపు తెరుచుకుంటూ పోయింది, ఎక్కడా ఆగలేదు. నేను మూలిగాను.

"కొమ్మ పుచ్చిండాది" అన్నాడు మామ. తోపంతా నవ్వింది.

బెల్టు వేసుకుని ఆడవాళ్లతోపాటు కాయలేరాను. పైనున్నవాళ్లకు "అన్నా, ఆ గుత్తి ఇడిసిపెట్టినావు" అని చెబుతూ కూర్చున్నాను. కిందున్నవాడి సలహా ఎంత కంపరమో వాళ్ల ముఖాలు చూస్తే తెలిసింది. తోపు చివరనున్న పెద్దచెట్టును మాత్రం మామ ఎవరినీ ముట్టనివ్వలేదు. ఎవరడిగినా "దాని కాయ ఇంకా పచ్చిగుండాది" అనేవాడు. గాలి వీస్తే ఆ పచ్చికాయలే ఎండుకాయల్లా గలగలమనేవి.

ఉగాది పోయాక డాక్టరమ్మ మళ్లీ నెట్టింది. కాలు కొంచెం జరిగి, గట్టిగా ఆగింది. ఆమె చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

మరుసటి పొద్దున పెద్దచెట్టు కింద నా పెళ్లాం మళ్లీ కూర్చోమంది.

"డాక్టరమ్మ చూసింది కదా?"

"ఆయమ్మ ఈడ చెట్టు కింద నిలబడదు. నిలబడేది నేను."

నెట్టింది. ఆగింది. ఇంకోసారి నెట్టి, "ఎక్కు" అంది.

మొదటి పెద్దకొమ్మను గుంజి చూసి, రెండు కాళ్లూ వేసి బిగించాను. పట్టు దొరికింది. కిందినుంచి అందించిన గడ పట్టుకుని చూస్తే, ఆమె గంప తెచ్చి సరిగ్గా నా కిందే పెట్టుకుంటోంది.

"జరుగు, నెత్తిన పడతాయి" అన్నాను.

"పడేది కాయలే కదా" అంది.