ఎండిన వాగులో వుజూ

ఆకాశం నుంచి నీటిని ఒక కొలత ప్రకారం దించే అల్లాహ్‌కే సమస్త స్తోత్రాలు. ఆ కొలత పూర్తిగా ఆయనకే తెలుసు. నీళ్ల లెక్కలు వేసి బతికే నాకు అందులో పిసరంత తెలుసు.

మాది జనగామ. మూడేళ్ల కిందటి ఏప్రిల్‌లో భూపాలపల్లి జిల్లా చిట్యాల దగ్గర నీళ్ల లెక్క రిపోర్టు రాసే పని ఒప్పుకున్నాను. బొగ్గు పొరల మధ్య దొరికే నల్లరాయిని, అంటే ఆయిల్ షేల్‌ను, బట్టీలో వేడి చేసి నూనె తీయవచ్చా అని ఒక కంపెనీ ఆలోచిస్తోంది. రాతి నుంచి నూనె తీయడానికి నీళ్లెందుకని మీరు అడగవచ్చు. బట్టీలోంచి వచ్చిన రాయిని చల్లార్చాలి, దుమ్ము లేవకుండా తడపాలి, యంత్రాలు వేడెక్కకుండా చూడాలి, పనివాళ్లు తాగాలి. ఇవన్నీ కలిపితే వాటర్ డిమాండ్. రిపోర్టులో దాని పక్కన ఇంకో గడి ఉంటుంది: ఆ నీటిని ఇప్పటికే ఎవరు వాడుకుంటున్నారు?

కంపెనీ కన్ను ఒక తండా పక్కనున్న వాగు మీద పడింది. ఇసుకలో పెద్ద బావి తవ్వాలని వాళ్ల ఆలోచన. కింద నీరుందని బోరు పరీక్షలో తేలింది. పైన మాత్రం వాగు ఎండిపోయి ఉంది. మోటార్ల జాబితా తెప్పించాను. ఆ వాగు మీద ఒక్క మోటారూ లేదు. 'వాడకం లేదు' అని గడిలో రాసేశాను.

రిపోర్టులో పెట్టే ఫొటోల కోసం వెళ్లినప్పుడు మధ్యాహ్నపు జుహర్ నమాజు వేళయింది. సీసా ఖాళీ. కారు చిట్యాలకు వెళ్లింది. నమాజుకు ముందు నీళ్లతో ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడం వుజూ. నీళ్లు దొరకనప్పుడు దానికి బదులు శుభ్రమైన మట్టితో తయమ్ముం చేసుకోమంటుంది మా ధర్మం. ఇసుక మీద అరచేతులు ఆనించి ముఖం, చేతులు తుడుచుకున్నాను. వెనక నవ్వు వినిపించింది.

"ఏంది సారూ, మన్నుతోని మొఖం కడుగుతున్నవ్? సబ్బు దొరకలేదా?"

తండా నుంచి బిందెతో వచ్చిన రుక్కీబాయి.

"నీళ్లు లేవు కదవ్వా. లేనప్పుడు మాకు గిట్ల చెల్లుతది."

"లేవని ఎవలు చెప్పిండ్రు?"

"నేనే. ఈడ నీళ్లు ఎవ్వరు వాడుతలేరని రిపోర్టుల గూడ రాసిన."

"మరి గీ బిందె ఎందుకు తెచ్చిన? నీ రిపోర్టు నింపుకపోనీకా?"

నాలుగడుగుల దూరంలో ఉన్న కంపకొమ్మను ఆమె పక్కకు లాగింది. కింద చెలిమ, అంటే ఇసుకలో చేత్తో తోడిన గుంట. నాలుగు దోసిళ్ల ఇసుక తీసేసరికి తేటనీరు ఊరింది. కుక్కలూ గొడ్లూ మూతి పెట్టకుండా కంప కప్పుతారట. అలాంటి కంపలను ఎన్నోసార్లు దాటుకుంటూ నడిచాను నేను.

"ఇండ్లల్ల నల్లా నీళ్లు వస్తయి సారూ. కని పప్పు ఉడికేది గీ నీళ్లతోనే, దూప తీరేది గీటితోనే."

నీళ్లు దొరికితే తయమ్ముం చెల్లదు. చిన్నప్పుడు మసీదులో నేర్చుకున్న పాఠం. రుక్కీబాయి కొబ్బరిచిప్పతో పోస్తుంటే వుజూ మొదలుపెట్టాను. మోచేతులు తడుస్తుండగా రిపోర్టు గుర్తొచ్చింది. నా తయమ్ముం చెల్లకపోతే, పైన నీళ్లు కనబడలేదు కాబట్టి వాడకం లేదన్న నా రిపోర్టు ఎలా చెల్లుతుంది? నా రెండు మాటలు నమ్మి అక్కడ బావి తవ్వితే, ఈ చెలిమలన్నీ ఎండిపోతాయి.

నమాజు కాగానే అడిగాను. "గిసొంటియి ఎన్ని ఉన్నయవ్వా?"

"లెక్క నీ పని. నన్నడుగుతవేంది?"

రెండు రోజులు పొద్దున్నే వెళ్లి కంపల పక్కన కూర్చుని బిందెలు లెక్కపెట్టాను. తండా ఆడవాళ్లు నాకు 'బిందెల సారు' అని పేరు పెట్టారు. ఒకామె అయితే "ఖాళీగ కూసునుడెందుకు, గిది జర ఎత్తు" అని బిందె తన నెత్తికి ఎత్తించుకుంది.

కంపెనీ మేనేజరు ఫోన్లో విసుక్కున్నాడు. "నాలుగు గుంటల కోసం డిజైన్ మార్చాలా?"

"గుంటలు కావు సార్, తాగే నీళ్లు. రాయి చల్లార్చడానికి తేటనీరు అక్కర్లేదు. దగ్గర్లోని బొగ్గు గని నుంచి తోడి పారబోసే నీళ్లు శుద్ధి చేసి వాడుకోవచ్చు."

మేనేజరు చివరికి "లెక్క పంపండి" అన్నాడు. గడి దిద్ది పంపాను. నెల తిరిగేసరికి కొత్త డ్రాయింగు వచ్చింది. వాగులో బావి లేదు.

రుక్కీబాయికి ఆ కబురు చెబితే, "మంచిగైంది. ఇగ మన్నుతోని కడుక్కోకు" అంది.

ఇప్పుడు 'లేదు' అని రాసే ముందు వాగులోకి దిగుతాను, బిందెతో ఎదురొచ్చిన మనిషిని అడుగుతాను. నేర్చుకున్నది అంతే.

ఇది చదివిన మీరూ నాతో కలిసి చేతులెత్తండి: ప్రభూ, మా కొలతల్లో ఎవరి బిందెనూ తప్పిపోనివ్వకు. ఆ చెలిమలను ఊరుతూ ఉండనివ్వు. ఆమీన్.