పక్కన రెండు చుక్కలున్నాయా?

మాస్టారు పోయారని కార్డొచ్చింది. రాత ఆయన భార్యదే, అయినా నేను నమ్మలేదు. నవ్వితే నవ్వండి, చెంబులో వేలు ముంచి చూస్తే తప్ప పాలు పోయించుకోని మనిషిని నేను. మావారు బస్సెక్కి బెజవాడ వెళ్ళి, తిరిగొచ్చి, "నిజమేనే, సమాధి కూడా చూసొచ్చాను" అన్నాకే నాకు ఏడుపొచ్చింది.

గుణదలలో మాది ఆయన పక్కిల్లు. ఆయన బళ్ళో లెక్కలు చెప్పేవారు. మా సందుకి అప్పటికింకా వీధిదీపాలు రాలేదు. చీకటి పడగానే టార్చిలైటుకి ఎర్రగుడ్డ కట్టుకుని, నోటుబుక్కుతో డాబా ఎక్కేవారు. ఎవరింటి గుట్టు రాసుకుంటున్నాడోనని అందరూ గుసగుసలు. నాకు పదమూడేళ్ళు. ఆరా తీద్దామని పిట్టగోడ దాటి వెళ్ళాను. ఆయన కసురుకోలేదు. టార్చి నా చేతికిచ్చి, వచ్చావు కదా, కదలకుండా పట్టుకో అన్నారు. పుస్తకంలో ఉన్నవి చుక్కలే. కాస్త నిరాశపడ్డాను కూడా.

నాకన్నా ఆయనకే అనుమానం ఎక్కువ. అచ్చుపుస్తకాల్ని నమ్మేవారు కాదు. ఇది రాసినాయన లండన్ డాబా మీంచి చూశాడు, మన డాబా వేరు అని, నెలకో కాగితం చొప్పున బెజవాడ ఆకాశాన్ని తనే గీసుకున్నారు. కార్తీకంలో తూర్పున పిల్లలకోడి, క్రిస్మస్‌కి గొల్లకావడి, ఎండాకాలం ఉత్తరాన సప్తర్షులు, వానల్లో మబ్బు సందు దొరికితే దక్షిణాన తేలు. ధ్రువుడు మాత్రం ఏడాది పొడుగునా అక్కడే, చెయ్యి చాచి కొలిస్తే పిడికిలిన్నర ఎత్తులో. ఇదంతా నిజమేనా అని అడిగితే ఆయన పొంగిపోయేవారు. "అనుమానపడు తల్లీ, తప్పులేదు. పడ్డాక మాత్రం పైకొచ్చి చూడు" అనేవారు.

మే నెలలో ఒకరోజు దక్షిణాన కొబ్బరిచెట్ల మీదకి చెయ్యి చూపించి, అదిగో శిలువ అన్నారు. మాస్టారు వాళ్ళది మేరీమాత కొండ, మాది దుర్గమ్మ కొండ. ఏడాదంతా కోడినీ కావడినీ చూపించింది ఇందుకేనన్నమాట అనుకున్నాను. ఆ చెట్ల వైపు సరిగా చూడనైనా లేదు. దిగొచ్చి నాన్నకి చెప్పేశాను.

నాన్న వాళ్ళ గుమ్మంలో నిలబడి, చుక్కల వంకన మా పిల్లని మతంలో కలుపుకుంటారా అని వీధంతా వినేటట్టు అడిగాడు. మాస్టారు గొంతు పెంచలేదు.

"అది నేను పెట్టింది కాదండీ. మీరూ పైకి రండి, చూద్దురుగాని."

నాన్న వెళ్ళలేదు. మర్నాడు పిట్టగోడ మీద తడిక లేచింది. ఆ తర్వాత ఆయన ఎప్పుడు డాబా ఎక్కినా ఒక్కరే ఎక్కారు.

పెళ్ళయి అవనిగడ్డ వచ్చాను. మొన్న మార్చిలో రాత్రి ఎనిమిదింటికి పొలం గట్టు మీద ఉండగా, దక్షిణాన శిలువ స్పష్టంగా కనపడింది. వెంటనే కార్డు రాశాను. మీరు నిజమే చెప్పారు, ఆనాడు నాన్నకి చాడీ మోసింది నేనే, క్షమించండి అని. జవాబులో క్షమించానన్న ముక్కే లేదు.

"మార్చిలో ఎనిమిదింటికి శిలువ మనకి ఇంకా పొడవదు. నువ్వు చూసింది అలాంటిదే ఇంకో గుంపు. అసలుదానికి ఎడమ పక్కన రెండు పెద్ద చుక్కలుంటాయి. ఉన్నాయా? మే ఆఖరున చూసి రాయి."

అంతే. నాకు రోషం వచ్చింది. ఇన్నేళ్ళూ కడుపులో దాచుకుని, క్షమించడం ఇష్టంలేక చుక్కల మీద పెట్టి తప్పించుకుంటున్నారనుకున్నాను. జవాబు రాయలేదు. తర్వాత వచ్చింది వాళ్ళావిడ కార్డే.

మే ఆఖరున, ఎనిమిదింపావుకి, అదే గట్టు మీదకి వెళ్ళాను. మార్చిలో నేను చూసిన శిలువ నైరుతి మూల దిగిపోతోంది. దక్షిణాన, తాటితలల మీద, ఇంకోటి నిలబడి ఉంది. కాస్త చిన్నది. ఎడమ పక్కన రెండు పెద్ద చుక్కలు.

మాస్టారి మనసులో ఏమీ లేదు. తప్పు చూశాను కాబట్టి మళ్ళీ చూడమన్నారు. ఎప్పటిలాగే పైకి రమ్మన్నారు, నేనే వెళ్ళలేదు.

ఆయన కార్డు అంచున తేదీ, టైము రాసి, "ఉన్నాయి మాస్టారూ" అని రాశాను. అనుమానం తీరక మర్నాడు మళ్ళీ వెళ్ళాను. రెండూ అక్కడే ఉన్నాయి, తాటాకుల పైన.