ఆమె పెట్టిన బెల్టు

ఈ మాట గొంతు దాకా వచ్చి ఎన్నిసార్లు వెనక్కి వెళ్లిందో. ఇన్నేళ్లుగా దీన్ని లోపల పెట్టుకునే అన్నం తింటున్నాను, నలుగురిలో నవ్వుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మా అబ్బాయి ఖతార్‌లో, మెసయీద్‌లో ఇంజనీరు. నేను విజిట్ వీసా మీద వెళ్లినప్పుడు మనవడికి రెండో ఏడు నడుస్తోంది. ఒక శుక్రవారం, ఉత్తరాన సముద్రం చూపిస్తామని నన్ను బయలుదేరదీశారు. వాళ్లుండేది దేశానికి ఈ చివర, మేం వెళ్లింది ఆ చివరికి. వెళ్లేటప్పుడు వాడు బాగానే ఉన్నాడు. తిరుగు ప్రయాణంలో ఏడుపు మొదలుపెట్టాడు.

వెనక కూర్చుంటే కోడలికి కడుపులో తిప్పుతుంది. అందుకని ముందు కూర్చుంది. వెనక, వాడి సీటు పక్కన నేను. పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడు ఆమె దిగి, డైపరు మార్చి, వాణ్ని మళ్లీ ఆ పిల్లల సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. క్లిక్‌మన్న చప్పుడు విన్నాను. లాగి కూడా చూసింది.

కారు కదలగానే మళ్లీ ఏడుపు. బిస్కెట్ ఇస్తే విసిరేశాడు. ఫోన్లో పాటలు పెడితే చూడలేదు. వీపు విరుచుకుని బెల్టు పట్టుకుని పీకుతున్నాడు. మెడ దగ్గర కందిపోయింది.

"ఎంత ఏడ్చినా తియ్యకండి అత్తయ్యా" అంది కోడలు, ముందు నుంచే.

ఆ మాట నాకు నచ్చలేదు. ముగ్గురు పిల్లల్ని పెంచిన నాకు ఈ పిల్ల చెప్పేదేమిటి అనిపించింది. జాలిపడి తీశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. జాలేనా? పంతం కాదూ?

కొంగు అడ్డం పెట్టి, చప్పుడు కాకుండా బటన్ నొక్కాను. పట్టీలు వాడి భుజాల మీద నుంచి జారాయి. వాడు నా చేతి మీద తల వాల్చి, వెక్కుతూ వెక్కుతూ నిద్రపోయాడు. "పడుకున్నాడా అమ్మా?" అని అబ్బాయి అడిగితే "ఆ, పడుకున్నాడు" అన్నాను, కాస్త గర్వంగా.

దోహా దాటాక, ముందు వెళ్తున్న లారీ టైరు పేలింది. అబ్బాయి గట్టిగా బ్రేకు వేశాడు. కారు దేనికీ తగల్లేదు. మా ముగ్గురికీ చిన్న గీత కూడా పడలేదు. నా బెల్టు నా ఒంటి మీదే ఉంది. వాడు ముందు సీట్ల మధ్యకు ఎగిరిపడ్డాడు. తల గేరు రాడ్డుకు తగిలింది.

ఆసుపత్రి వరండాలో అబ్బాయి భార్యతో ఒక్క మాటే అన్నాడు. "బెల్టు పెట్టడం కూడా మర్చిపోతావా?"

ఆమె నా వైపు తిరిగింది. "నేను పెట్టాను కదా అత్తయ్యా? మీరు చూశారు కదా?"

చెప్పాల్సిన క్షణం అదే. నోరు తెరిచాను కూడా.

"నేను చూళ్లేదమ్మా. పాలసీసా వెతుకుతున్నాను."

"పెట్టాననే అనుకున్నాను" అంది. కాసేపటికి, ఎవరితోనూ కాకుండా, "పెట్టలేదేమో" అంది.

వాడు బతికాడు. కుడి చెయ్యి సరిగా లేవదు. మాట ముద్దగా వస్తుంది. కోడలు ఉద్యోగం మానేసింది. ఇంకో బిడ్డ వద్దంది. ఉన్నవాణ్నే చూసుకోలేనిదాన్ని అంటుంది. అబ్బాయి ఆమెను మళ్లీ ఏమీ అనలేదు, కానీ మనసిచ్చి మాట్లాడటమూ మానేశాడు. నేను వీసా పొడిగించుకుని ఉండి మనవడికి చాకిరీ చేశాను. అందరూ మెచ్చుకున్నారు. సేవ చేయడానికే ఉన్నానా, నా అబద్ధానికి కాపలా ఉన్నానా? "మీరు లేకపోతే నేనేమైపోయేదాన్నో అత్తయ్యా" అని ఆమె నా ఒళ్లో తలపెట్టి ఏడ్చినప్పుడు జుట్టు నిమిరాను.

మొన్న మళ్లీ వెళ్లాను. బడికి బయలుదేరేటప్పుడు ఆమె వాడి బెల్టు లాగి చూసింది. కారు తలుపు వేసి, మళ్లీ తెరిచి, మళ్లీ చూసింది. వాడు విసుక్కోలేదు. రోజూ చెప్పే మాటలా, "పెట్టావమ్మా" అన్నాడు. ఆమె నమ్మలేదు. మళ్లీ లాగింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

నన్ను క్షమించమని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. ఆమెకు చెప్పే ధైర్యం ఎప్పటికైనా వస్తుందని మాట కూడా ఇవ్వలేను.

ఆమె ఆ రోజు బెల్టు పెట్టింది. తీసింది నేను.

రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతే.